మామిడిపండ్ల వల్ల కాదు, మాయ వల్ల

పోయిన శనివారం రాత్రి పదకొండు దాటాక మా చెల్లి ఫోన్ చేసింది. దానికి ఇరవై ఏడో వారం నడుస్తోంది, అంత రాత్రి ఫోన్ అనేసరికి నా గుండె ఝల్లుమంది. ఎత్తగానే ఏడుపు. విషయం ఏమిటంటే, ఆ రోజు గ్లూకోజు నీళ్లు తాగించి చేసిన పరీక్షలో 158 వచ్చింది. వాళ్ల అత్తగారు "నేను ముందే చెప్పాను, రోజూ మామిడిపండు తింటే రాదా మరి" అన్నారు. మరిదిగారు ఏమీ అనలేదు గానీ, ఫ్రిజ్‌లో ఉన్న పండ్లన్నీ తీసి పక్కింటివాళ్లకు ఇచ్చేశారు. ఆ రాత్రి అది అన్నం కూడా తినలేదు. "అక్కా, నా బిడ్డకు నేనే చేతులారా చేసుకున్నానా?" అని అడిగింది.

నాలుగేళ్ల కిందట నా రెండో కాన్పప్పుడు ఇదే మాట నాకూ తగిలింది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, అయినా అప్పుడు నా దగ్గర జవాబు లేదు, తల వంచుకుని విన్నాను. ఆ తర్వాత కూర్చుని చదివాను, మా డాక్టరమ్మను విసిగించి మరీ అడిగి తెలుసుకున్నాను. ఆ రాత్రి చెల్లికి గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలా ఏడుస్తున్నది అది ఒక్కతే కాదని నాకు తెలుసు.

బడిలో మేం జరాయువు అంటాం, ఇంట్లో మాయ అంటాం. పాఠంలో దాని గురించి చెప్పేది ఒకటే, తల్లి నుంచి బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ చేరవేస్తుంది, వ్యర్థాలు తీసుకెళ్తుంది అని. అంటే ఒక గొట్టం, ఒక జల్లెడ అన్నట్టు. అది అంతకంటే చాలా పెద్ద పని చేస్తుంది. మాయ ఒక గ్రంథి. తొమ్మిది నెలల కోసం తల్లి ఒంట్లో పుట్టి, తన హార్మోన్లతో తల్లి గుండెను, ఊపిరిని, పేగులను, థైరాయిడ్‌ను, క్లోమాన్ని, చివరికి ఆకలిని కూడా తన పద్ధతికి మార్చుకుని, బిడ్డ బయటికి రాగానే తనూ వెళ్లిపోయే గ్రంథి. ఇంకో సంగతి, అది చాలా వరకు తల్లి కణాలతో కాదు, బిడ్డ వైపు కణాలతో తయారవుతుంది. పిండం గర్భసంచి గోడకు అంటుకునేటప్పుడు బయటి పొరలో ఉన్న కణాలే మాయ అవుతాయి. అంటే మన రక్తంలోకి ఆ హార్మోన్లు పంపుతున్నది ఒక రకంగా బిడ్డే.

మొట్టమొదట వచ్చేది హెచ్‌సీజీ. మెడికల్ షాపులో కొనే కిట్‌లో రెండు గీతలు పడేది దీనివల్లే. నెల తప్పడానికి ముందే పిండం ఈ హార్మోన్‌ను అమ్మ రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. అండం విడుదలైన చోట అండాశయంలో కార్పస్ లూటియం అని ఒక చిన్న పసుపు పచ్చటి గడ్డ మిగులుతుంది, అది గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను తయారుచేస్తూ ఉంటుంది, మామూలుగా అయితే రెండు వారాల్లో ఎండిపోతుంది, అది ఎండితే నెలసరి వచ్చేస్తుంది. హెచ్‌సీజీ వెళ్లి "ఆగు, నేనొచ్చాను" అని దానికి కబురు చెబుతుంది. అలా ఆ గడ్డను ఇంకొన్ని వారాలు బతికించి, ఏడు నుంచి పది వారాల మధ్య ప్రొజెస్టిరాన్ తయారీని మాయ తన చేతుల్లోకి తీసుకుంటుంది. మొదట్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి రెట్టింపు అవుతూ ఎనిమిది, పదకొండు వారాల మధ్య శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగుతుంది. 1920ల చివర్లో బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు గర్భిణుల మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చిన మార్పును చూసి గర్భం నిర్ధారించేవారట. ఇప్పుడు అయిదు నిమిషాల్లో తేలిపోతోంది.

ఈ హెచ్‌సీజీ చేసే ఇంకో పని చాలామందిని అనవసరంగా టెన్షన్ పెడుతుంది. దాని నిర్మాణంలో సగ భాగం, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో సమానం, అందువల్ల థైరాయిడ్ గ్రంథిని కాస్త తట్టి లేపుతుంది. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ మామూలు కంటే తక్కువ చూపించడానికి ఇదే ఎక్కువసార్లు కారణం. రిపోర్టు చూసి థైరాయిడ్ ఎక్కువైపోయిందని భయపడేలోపు డాక్టరును అడగండి. దీనికి వ్యతిరేకంగా, ముందే థైరాయిడ్ తక్కువగా ఉండి మాత్రలు వేసుకునేవాళ్లకు గర్భం రాగానే మోతాదు పెంచాల్సి వస్తుంది, ఎందుకంటే ఈస్ట్రోజెన్ పెరిగేకొద్దీ థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ రక్తంలో పెరుగుతుంది, పైగా మొదటి నెలల్లో బిడ్డ మెదడుకు కావలసిన థైరాయిడ్ హార్మోన్ కూడా అమ్మ నుంచే వెళ్లాలి. నాకు 50 నుంచి 75 మైక్రోగ్రాములకు పెంచారు. ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలు దానికి నాలుగు గంటలు దూరంగా ఉండాలి. ఈ చిన్న సంగతి నాకు అయిదో నెల దాకా ఎవరూ చెప్పలేదు, మూడు మాత్రలూ కలిపి పొద్దున్నే మింగేసేదాన్ని.

ఇక వేవిళ్లు. మొదటి కాన్పులో నాకు పెద్దగా లేవు, రెండోదానికి మాత్రం పోపు వాసన వస్తే చాలు బాత్రూముకి పరుగు. కరివేపాకు వాసన నాకు ఎంత ఇష్టమో, అదే పడలేదు. "మేం కనలేదా పిల్లల్ని, అన్నీ మనసులోనే ఉంటాయి" అన్నవాళ్లున్నారు. మనసులో లేవు. చాలాకాలం హెచ్‌సీజీ వల్లే అనుకున్నారు గానీ, 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన అసలు దోషిని బయటపెట్టింది. దాని పేరు జీడీఎఫ్15. ఇది కూడా బిడ్డ, మాయల వైపు నుంచే ఎక్కువగా తల్లి రక్తంలోకి వచ్చి, మెదడు కింది భాగంలో వాంతిని నడిపించే చోటుకు వెళ్లి తగులుతుంది. గర్భానికి ముందు ఎవరి రక్తంలో ఈ హార్మోన్ తక్కువగా ఉంటుందో, వాళ్లకు ఒక్కసారిగా పెరిగినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది. ముందు నుంచే ఎక్కువగా ఉండేవాళ్లకు, ఉదాహరణకు బీటా థలసీమియా ఉన్న ఆడవాళ్లకు, వేవిళ్లు చాలా తక్కువ. కారం ఒంటికి అలవాటైతే మంట తెలియదు కదా, అలాంటిదే.

ఆ పరిశోధన చేసినవాళ్లలో మార్లీనా ఫెజ్జో అనే అమెరికా శాస్త్రవేత్త ఉన్నారు. ఆమెకే 1999లో తీవ్రమైన వేవిళ్లు వచ్చి, కదలలేక, మింగలేక, చివరికి పదిహేనో వారంలో బిడ్డను పోగొట్టుకున్నారు. అప్పుడు ఆమె బాధను ఆమె డాక్టరే నమ్మలేదు. ఆ తర్వాత ఆమె జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే పనిచేశారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా, మూత్రం తగ్గిపోయి, బరువు పడిపోతుంటే అది ఓర్చుకునే విషయం కాదు, ఆస్పత్రికి వెళ్లి సెలైన్ పెట్టించుకోవాల్సిన విషయం.

ప్రొజెస్టిరాన్ గురించి ఎక్కువ చెప్పను, దాని పనులు కడుపుతో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒంటి మీదే తెలుస్తాయి. గర్భసంచి కండరాలు ముడుచుకోకుండా వదులుగా ఉంచడం దాని అసలు పని. కానీ వదులు చేసే హార్మోన్ ఒక్క గర్భసంచి దగ్గరే ఆగదు కదా. అన్నవాహిక చివర ఉండే మూత వదులై గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. పేగులు నెమ్మదించి మలబద్ధకం. ఊపిరి తీసుకోమని మెదడును ఎక్కువగా తొందరపెడుతుంది కాబట్టి, పొట్ట ఇంకా పెరగకముందే, మూడో నెలలోనే రెండు మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నం ముంచుకొచ్చే ఆ నిద్ర కూడా దాని పుణ్యమే, నేను స్టాఫ్ రూములో బల్ల మీద తల పెట్టి పడుకునేదాన్ని. దాన్ని బద్ధకం అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఈస్ట్రోజెన్ సంగతి మాత్రం నాకు ఎంతో ఇష్టం. మాయ తనంతట తాను దీన్ని మొదటి నుంచి చేయలేదు, దానికి కావలసిన ఒక ఎంజైము దాని దగ్గర లేదు. అందుకని అమ్మ రక్తంలోంచి కొలెస్ట్రాల్ తీసుకుని ముందు వేరే హార్మోన్లు చేస్తుంది. బిడ్డ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, అవి కడుపులో ఉన్నప్పుడు ఒంటికి మించి పెద్దగా ఉంటాయి, ముడిసరుకు తయారుచేస్తాయి. బిడ్డ కాలేయం దాన్ని కొంచెం మారుస్తుంది. చివరికి మాయ దాన్ని ఈస్ట్రియాల్ అనే రకం ఈస్ట్రోజెన్‌గా వండి అమ్మ రక్తంలోకి పంపుతుంది. బిడ్డ, మాయ, అమ్మ, ముగ్గురి చేయి పడితే గానీ ఆ హార్మోన్ తయారు కాదు. స్కానింగులో గుండె చప్పుడు విన్నప్పుడు ఎంత పులకించానో, ఇది చదివినప్పుడూ అంతే.

ఇప్పుడు షుగర్ దగ్గరికి వస్తాను, చెల్లి అడిగిందీ ఇదే కదా.

మాయ తయారుచేసే ఇంకో హార్మోన్ ప్లాసెంటల్ లాక్టోజెన్. 1962లో దీన్ని కనిపెట్టినప్పుడు పాలకు సంబంధించిన లక్షణం చూసి ఆ పేరు పెట్టారు, అసలు ప్రభావం ఎక్కువగా ఉన్నది మాత్రం తల్లి ఒంట్లో తిండి ఖర్చయ్యే తీరు మీద. మాయ ఎంత పెరిగితే ఇది అంత పెరుగుతుంది, నెలలు నిండేసరికి రోజుకు ఒక గ్రాము పైనే తయారవుతుంది, ఒక హార్మోన్‌కి అది చాలా పెద్ద మోతాదు. దీనితోపాటు మాయ సొంత గ్రోత్ హార్మోన్ ఒకటి ఉంది, సగం నెలలు దాటేసరికి తల్లి మెదడు కింద ఉండే పిట్యూటరీ తన గ్రోత్ హార్మోన్ పని ఆపేస్తే మాయదే రాజ్యం. వీటికి ప్రొజెస్టిరాన్, పెరిగిన ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తోడవుతాయి. ఇవన్నీ కలిసి చేసేది ఏమిటంటే, తల్లి కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినకుండా చేస్తాయి. ఇన్సులిన్ తలుపు తడుతుంది, కండరం తలుపు సగమే తీస్తుంది. తిన్న తర్వాత గ్లూకోజు రక్తంలో ఇంకాసేపు మిగులుతుంది, అది మాయ గుండా బిడ్డకు చేరుతుంది. తల్లి మాత్రం ఆకలి వేళల్లో తన కొవ్వును కరిగించుకుని గడుపుతుంది.

గమనించండి, ఇది జబ్బు కాదు. నెలలు నిండేసరికి ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు దాదాపు సగానికి పడిపోవడం గర్భిణులందరిలోనూ జరుగుతుంది, మామిడిపండు ముట్టనివాళ్లలో కూడా. చాలామందిలో క్లోమం రెండు మూడు రెట్లు ఎక్కువ ఇన్సులిన్ తీసి సర్దుకుంటుంది. కొందరి క్లోమం అంత సర్దుకోలేదు, వాళ్లకే గర్భధారణ మధుమేహం. మన దక్షిణాసియా ఆడవాళ్లలో ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం ముందు నుంచే కాస్త ఎక్కువ, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. మా నాన్నకు నలభై అయిదో ఏటనే వచ్చింది. అక్కాచెల్లెళ్లం ఇద్దరికీ రావడంలో వింతేముంది?

పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య చేయడం కూడా ఇందుకే, మాయ హార్మోన్లు గట్టిగా పైకి ఎక్కే కాలం అదే. మన దేశంలో ఇప్పుడు మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడే ఒకసారి చేసి, బాగుంటే మళ్లీ ఆ వారాల్లో చేయమంటారు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం కింద లెక్క. పరగడుపున రాలేని, మళ్లీ మళ్లీ రాలేని ఆడవాళ్ల కోసం ఈ తేలిక పద్ధతిని ముందుకు తెచ్చినవాళ్లలో చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ముఖ్యులు, ఆయన పుట్టినరోజైన మార్చి 10నే దీనిపై అవగాహన దినంగా జరుపుతున్నారు. కొన్ని ఆస్పత్రుల్లో పరగడుపున ఒకసారి, తాగిన గంటకు, రెండు గంటలకు, మొత్తం మూడుసార్లు తీస్తారు, వాటి హద్దులు వేరు, 92, 180, 153. మీ రిపోర్టు ఏ పద్ధతిదో అడిగి తెలుసుకోండి, పక్కింటావిడ అంకెతో పోల్చుకుని కుమిలిపోకండి.

అంటే ఏం తిన్నా పర్వాలేదా అంది చెల్లి. కాదు. తిండి దీన్ని పుట్టించలేదు, కానీ అదుపులో పెట్టడానికి మొదటి ఆయుధం తిండే. గ్లూకోజు మాయను దాటి బిడ్డకు వెళ్తుంది, అమ్మ ఇన్సులిన్ మాత్రం దాటదు. అందువల్ల అమ్మకు షుగర్ ఎక్కువైతే బిడ్డ తన చిన్న క్లోమంతోనే ఎక్కువ ఇన్సులిన్ చేసుకోవాలి, దాంతో ఒళ్లు ఎక్కువగా పెరుగుతుంది, పుట్టాక బొడ్డుతాడు కోయగానే గ్లూకోజు ఆగిపోయి బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. కాబట్టి జాగ్రత్త అవసరమే. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలని నాకు చెప్పారు. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచాను. తిన్న వెంటనే డాబా మీద పావుగంట నడిచాను. అందరూ మంచిదని చెప్పే రాగి జావ తాగితే నా మీటరులో 150 దాటేది, అదే పెసరట్టు తింటే 115 దగ్గర ఉండేది. పిండిని జావ కాస్తే తొందరగా అరిగిపోయి షుగర్ తొందరగా ఎక్కుతుంది. మీ ఒంటికి ఏది పడుతుందో మీ మీటరే చెబుతుంది.

రాత్రి అన్నం మానేశానని చెల్లి అన్నప్పుడు మాత్రం గట్టిగానే కోప్పడ్డాను. కడుపుతో ఉన్న ఒళ్లు ఆకలికి మామూలు కంటే చాలా త్వరగా కొవ్వు కరిగించడం మొదలుపెడుతుంది, కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు రక్తంలో పెరుగుతాయి. భయంతో పస్తులుండడం వైద్యం కాదు. అప్పటికప్పుడు లేపి రెండు పుల్కాలు, పెరుగు తినిపించాను, ఫోన్లోనే.

నాకు ముప్పై ఒకటో వారంలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ రోజు ఓడిపోయినట్టు అనిపించింది, ఇంత చేసినా చాలలేదే అని. డాక్టరమ్మ ఒకే మాట అన్నారు, "నీ మాయ బాగా పనిచేస్తోందమ్మా, నీ క్లోమానికి కాస్త చేయూత ఇస్తున్నాం, అంతే." నన్ను నిందించకుండా ఒకరు మాట్లాడిన మొదటి మాట అది. డేవిడ్ హేగ్ అనే శాస్త్రవేత్త 1993లో దీన్నంతా తల్లికీ బిడ్డకూ మధ్య గుంజులాటగా వివరించారు, బిడ్డ ఎక్కువ లాక్కోవాలని, తల్లి తనకూ తర్వాతి పిల్లలకూ దాచుకోవాలని. శాస్త్రం ప్రకారం అది బలమైన ఆలోచనే, నాకూ అర్థమైంది, కానీ గుంజులాట అన్న మాట నాకు మింగుడు పడలేదు. పాలు తాగే బిడ్డ గట్టిగా లాగితే దాన్ని గుంజులాట అంటామా?

మాయ పంపేవన్నీ మేలే చేస్తాయని మాత్రం చెప్పను. గర్భిణులకు బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా మూలం కూడా మాయే. రక్తనాళాలను దెబ్బతీసే ఒక ప్రొటీన్‌ను అది ఎక్కువగా వదులుతోందని 2003లో మన దేశంలో పుట్టిన అనంత్ కరుమంచి, ఆయన సహచరులు చూపించారు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్కలో నొప్పి, ముఖం ఉబ్బడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

నా కాన్పు రోజు. బిడ్డ పుట్టిన పది నిమిషాలకు మాయ పడింది. చూపించమని అడిగితే నర్సమ్మ ఆశ్చర్యపోయి ట్రేలో తెచ్చి చూపించింది. జొన్నరొట్టె అంత వెడల్పు, అరకిలో బరువు, ముదురు ఎరుపు, ఒకవైపు నున్నగా మెరుస్తూ చెట్టు కొమ్మల్లా రక్తనాళాలు. మా అమ్మమ్మ కాలంలో ఇంట్లోనే పురుళ్లు, మాయ పడిందాకా మంత్రసాని పీట మీద నుంచి లేచేది కాదట, తర్వాత పెరట్లో గొయ్యి తీసి జాగ్రత్తగా పాతిపెట్టేవారట. ముందు రోజు రాత్రి వరకు ఇన్సులిన్ పొడుచుకున్నదాన్ని, మర్నాడు పొద్దున ఏ మందూ లేకుండా వేలు గుచ్చి చూస్తే 88. ప్లాసెంటల్ లాక్టోజెన్ రక్తంలో సగమైపోవడానికి అరగంట కూడా పట్టదు. మామిడిపండ్లే కారణమైతే ఒక్క రాత్రిలో ఎలా పోయింది?

ఆ వెళ్లిపోవడానికీ ఒక ఖరీదు ఉంది. ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతేనే రొమ్ముల్లో పాలు నిండుగా దిగుతాయి, అంతవరకు ముర్రుపాలే. అందుకే మూడో రోజు దాకా "పాలు లేవు" అని బాలింతను కంగారు పెట్టడం తప్పు, బిడ్డను రొమ్ముకు పెడుతూ ఉండాలి. లోపల మాయ ముక్క మిగిలిపోతే పాలు ఆలస్యం కావడం కూడా ఇందువల్లే. అదే మూడో నాలుగో రోజున నాకు కారణం లేకుండా కన్నీళ్లు ఆగలేదు. అత్తయ్యగారు దిష్టి తీశారు, ప్రేమతోనే తీశారు. కానీ తొమ్మిది నెలలు ఒంట్లో ఉన్న హార్మోన్లు కొద్ది రోజుల్లో ఖాళీ అయిపోతే మనసు ఊగిపోదా? రెండు వారాలు దాటినా ఆ దిగులు పోకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి. మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడిపోయినప్పుడు, కడుపుతో ఉండగా ఈస్ట్రోజెన్ ఆపి ఉంచిన వెంట్రుకలే ఇవన్నీ అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి, చాలామంది పిల్లాడి టీకాల హడావుడిలో దీన్ని వదిలేస్తారు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో అసలు మధుమేహం వచ్చే అవకాశం రానివాళ్లకంటే ఏడు నుంచి పది రెట్లు. నేను ఏటా మార్చిలో చేయించుకుంటున్నాను, ఇప్పటివరకు బాగానే ఉంది.

చెల్లి నిన్న మధ్యాహ్నం భోజనం తర్వాత మీటరు ఫొటో పంపింది, 112. కింద "పప్పు, బీరకాయ కూర, ఒక కప్పు అన్నం, రెండు మామిడి ముక్కలు" అని రాసింది. ఆ రెండు ముక్కలూ వాళ్ల అత్తగారే కోసి పెట్టారట. నేను వచ్చే నెల వెళ్తున్నాను, స్ట్రిప్పుల డబ్బాలు రెండు కొనుక్కుని. కాన్పు రోజు మాయను చూడాలని ఉంది, అడిగితే ఏమైనా అనుకుంటారా అక్కా అంది. నర్సమ్మతో నేను మాట్లాడతాలే అన్నాను.